రాయని వరుస

“అన్నీ రాయి. ఒక్కటి గూడ మిగులొద్దు,” అన్నాడు రాఘవేందర్ రొట్టె తుంచుకుంటూ.

శ్రీవాణి పెనం మీది జొన్నరొట్టెను తడిబట్టతో అద్దుతోంది. ఆ మాటకు చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆవిరి మణికట్టుకు తగిలి చురుక్కుమన్నాక గానీ బట్ట తీయాలని తోచలేదు. రొట్టె తిరగేసింది కానీ తాను మాత్రం వెనక్కి తిరగలేదు. తిరిగితే తన మొహంలో అతనికి ఏం కనిపిస్తుందో ఆమెకే తెలియదు.

“ఏం రాయాలె?” అంది.

“పాస్‌వర్డులు. సెంటర్‌వి, ఇంటివి, నాయి, నీయి. అన్నీ ఎక్సెల్‌ల పెట్టు. కొత్త సాఫ్ట్‌వేర్ దొరికింది, పాస్‌వర్డ్ మేనేజర్ అంటరు. నువ్వు రాసిన ఫైల్‌ను అండ్లకు ఎక్కిస్తే అన్నీ ఒక్క తాన భద్రంగ ఉంటయి. ఇగ అన్నిటికీ కలిపి ఒక్కటే పాస్‌వర్డ్. అది నా దగ్గర ఉంటది.”

‘నీయి’ అన్న మాటను అతను నొక్కి పలికాడా, తనకే అట్లా వినిపించిందా? అదే తేలలేదు. ఆరేళ్ల కాపురంలో ఆమెకు అబ్బిన విద్య అది: అతను అన్న మాటకంటే, ఆ మాట కింద ఏముందో వెతుక్కోవడం. గొంతు పెరిగితే భయం లేదు. గొంతు ఇట్లా నున్నగా ఉన్నప్పుడే అరచేతులు చల్లబడతాయి.

వనపర్తిలో పాలిటెక్నిక్ కాలేజీకి పోయే దారిలో, ఎరువుల దుకాణం మీద, మేడపైన రాఘవేందర్ కంప్యూటర్ సెంటర్ ఉంది. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి అది శాఖ. వెనకవైపు మెట్లు దిగితే ఇల్లు. బోర్డు మీద డైరెక్టర్ అని అతని పేరే ఉంటుంది. పొద్దున ఏడింటికి ఆడపిల్లల బ్యాచ్‌కు పాఠం చెప్పేది శ్రీవాణి. పరీక్షలకు పిల్లల పేర్లు కంపెనీ వెబ్‌సైటులో ఎక్కించేది, ఫోటోలు సరిచేసేది, కరెంటు పోతే బ్యాటరీ చూసేది, వచ్చినవాళ్ల దరఖాస్తులు నింపేది శ్రీవాణి. మధ్యలో రెండుసార్లు మెట్లు దిగి అన్నం, కూర చూసుకుని మళ్లీ ఎక్కేది కూడా ఆమే. పెళ్లయిన కొత్తలో ఒకసారి జీతం మాట ఎత్తితే రాఘవేందర్ నవ్వాడు. “మన దుక్నంల మనకు జీతమేంది?” అన్నాడు. ఆ ‘మన’లో తాను ఎంత ఉందో ఆమె అడగలేదు. కంపెనీ నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసర్ రికార్డులు చూసి, ఇంత శుభ్రంగా ఏ శాఖలోనూ లేవని మెచ్చుకున్న రోజు, “దగ్గరుండి చేపిచ్చిన సార్” అన్నాడు రాఘవేందర్. ఆ పక్క మాటకే ఆమె వైపు తిరిగి, “సార్‌కు చాయ్ పట్టుకరాపో” అన్నాడు. మెట్లు దిగుతుంటే పైన అతని మాట వినిపించింది. “మా ఇంటామె జర టైపింగ్ చేస్తది, గంతే.”

ఆ ‘టైపింగ్’లో పుట్టినవే ఆ ఖాతాలన్నీ. ఒక్కొక్కటి ఆమే తెరిచింది, ఆమే పేరు పెట్టింది, ఆమే గుర్తుంచుకుంది. రాఘవేందర్‌కు ఒక్కటి కూడా నోటికి రాదు. ఎప్పుడు కావాలన్నా “అదేంది, చెప్పు” అని కేకేస్తే ఆమె వంటింట్లోంచే చెప్పేది. ఇప్పుడు అవన్నీ రాసి ఇవ్వాలి. ఇవ్వడానికి అభ్యంతరం లేదు. ఆమె భయం వాటి గురించి కాదు.

ఆమె భయం గురువారం గురించి.

ఆమెకు ఇంకొక మెయిల్ ఉంది. దాని సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండేళ్ల కింద సెంటర్‌కు స్కానర్ కొన్నప్పుడు, అది ఎట్లా పనిచేస్తుందో నేర్చుకోవాలని తన సర్టిఫికెట్లనే ఒక్కొక్కటిగా దాని మీద పెట్టి చూసింది. పదో తరగతి మెమో, ఇంటర్‌ది, డిగ్రీది, కంప్యూటర్ డిప్లొమా. ఆ బొమ్మలను ఎక్కడ దాచాలో తోచక సొంతంగా ఒక మెయిల్ తెరిచి, తనకు తానే పంపుకుంది. తన పేరు, పక్కన మానవపాడు, తల్లిగారి మండలం పేరు. అంతే ఆ చిరునామా. అసలు కాగితాలను మళ్లీ తల్లి జములమ్మ దగ్గరికే చేర్చింది. “ఈడ బీరువల జాగ ఏడున్నది” అని రాఘవేందరే అన్నాడు. ఆ తర్వాత మొన్న అక్టోబరులో తుంగభద్ర పొంగింది. జములమ్మ ఇల్లు మూడు రోజులు నీళ్లలో ఉంది. ట్రంకుపెట్టె తీసేసరికి లోపల మిగిలింది బురద ముద్ద. ఫోన్లో తల్లి ఏడుస్తుంటే రాఘవేందర్ పక్కనే ఉండి విన్నాడు. ఫోన్ పెట్టేశాక భుజం మీద చెయ్యి వేసి, “పోతే పోనీ. ఇప్పుడు నువ్వేం నౌకరీకి పోవాలె గనక?” అన్నాడు. ఓదార్పు మాటే. కానీ ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో కనిపించిన నెమ్మది చూసి ఆమె స్కాన్లు ఉన్నాయని చెప్పబోయి ఆగిపోయింది.

ఆ రోజు నుంచి ఆ మెయిల్ ఆమెకు ఊపిరి అయింది. నకలు సర్టిఫికెట్ల కోసం బోర్డుకు, యూనివర్సిటీకి రాసింది. సర్టిఫికెట్లు వరదలో పోయాయని జములమ్మ మానవపాడు మండల ఆఫీసు చుట్టూ తిరిగి ఒక కాగితం తెచ్చింది. పేపర్లో ప్రకటన చూసి, అమ్రాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే ఆడపిల్లల హాస్టల్ బడికి కంప్యూటర్ టీచర్‌గా దరఖాస్తు పంపింది. జీతం, ఉండడానికి ఒక గది. గురువారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. మంగళవారం పదకొండింటికి నాగర్‌కర్నూల్‌లో ఇంటర్వ్యూ. ఆ నాలుగు వరుసలు చదువుతుండగానే కరెంటు పోయింది. బ్యాటరీ కూడా అందుకోలేదు. తెర నల్లబడింది. ఎప్పుడూ చేసే పని, తాను చూసిన జాడలన్నీ తుడిచేసే పని, చేయలేకపోయింది. కరెంటు వచ్చేసరికి ఆ కంప్యూటర్ ముందు రాఘవేందర్ కూర్చున్నాడు.

శుక్రవారం బందు. శనివారం బందు. ఆ డిసెంబరంతా అట్లానే ఉంది. రోజూ ఏదో ఒక పిలుపు, బస్సులు డిపోలోనే, దుకాణాల తలుపులు సగం దించి. బయటివాళ్లకు అది ప్రత్యేక రాష్ట్రం కోసం పోరాటం. శ్రీవాణికి మాత్రం, రాఘవేందర్ రోజంతా ఇంట్లోనే ఉన్నాడన్నది ఒక్కటే తెలుస్తోంది. ఆ కంప్యూటర్ దగ్గర ఆమె ఒంటరిగా ఐదు నిమిషాలు కూర్చోవడానికి కుదరలేదు.

అతను కొట్టడు. అమ్మలక్కలు మెచ్చుకునే మాట అది. తాగడు, కొట్టడు. నిజమే. ఒకసారి ఫోన్ బిల్లులోని నంబర్లన్నిటికీ వరుసగా ఫోన్ చేసి, “ఎవరు మాట్లాడేది?” అని అడిగాడు. వడ్డేపల్లిలో ఉన్న చిన్నమ్మ బిడ్డ ఉత్తరం రాస్తే, అన్నం తింటూ ఇంటిల్లిపాదికీ గట్టిగా చదివి వినిపించాడు, తప్పులు దిద్దుతూ. మరొకసారి చెప్పకుండా పక్కింటికి పోయిందని పదకొండు రోజులు మాట్లాడలేదు. పదకొండు రోజులు ఆమె పెట్టిన అన్నం తిన్నాడు, ఆమె ఉతికిన బట్టలు కట్టాడు, ఆమె లేనట్టే తిరిగాడు. పన్నెండో రోజు “చాయ్” అన్నాడు. ఆ ఒక్క మాటకు తన కళ్లలో నీళ్లు తిరిగినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ సిగ్గు ఇంకా ఎక్కడో లోపల పచ్చిగానే ఉంది.

శుక్రవారం రాత్రి రొట్టెల దగ్గర అతను చెప్పిన ఫైల్‌ను శనివారం పగలు మొదలుపెట్టింది. రాఘవేందర్ ఆ గదిలోనే పేపర్ చదువుతూ కూర్చున్నాడు. కొత్త సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన సూచనలు ఇంగ్లీషులో నాలుగు పేజీలు ఉన్నాయి. అతను చదవలేదు. ఆమె చదివింది. మొదటి వరుసలో శీర్షికలు ఉండాలి: పేరు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వెబ్‌సైటు చిరునామా, గమనిక. అవి సాఫ్ట్‌వేర్ అడిగిన మాటల్లోనే ఉండాలి, ఒక్క అక్షరం మారినా తీసుకోదు. ఆ కింద ఒక్కో ఖాతాకు ఒక్కో వరుస. చివరికి దాన్ని కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైల్‌గా దాచాలి. ఏ ముసుగూ ఉండదు దానికి. ఎవరు తెరిచినా అన్నీ బయటపడి కనిపిస్తాయి.

ఒక్కొక్క వరుస రాస్తుంటే, తన ఆరేళ్లు తన ముందే పట్టిక కట్టినట్టు అనిపించింది. కంపెనీ పరీక్షల ఖాతా. సెంటర్ మెయిల్. రాఘవేందర్ మెయిల్, అదీ తాను తెరిచిందే. రైలు టికెట్లది. హైదరాబాద్ దవాఖానలో పిల్లల కోసం చూపించుకున్నప్పుడు రిపోర్టులు చూసుకోవడానికి ఇచ్చినది. ఆ దవాఖానకు మూడుసార్లు పోయారు, మూడుసార్లూ పరీక్షలు ఆమెకే. అతనికి కూడా చేయాలని డాక్టరమ్మ అంటే, రాఘవేందర్ “మా ఇండ్ల గట్లాంటియి లేవు” అని లేచి వచ్చేశాడు. ఆ వరుసలో గమనిక గడి ఖాళీగా వదిలేసింది.

తొమ్మిదో వరుసలో ఒక పాస్‌వర్డ్ సున్నాతో మొదలవుతుంది. టైపు చేసి కిందికి దిగగానే ఎక్సెల్ ఆ సున్నాను మింగేసింది. అంకె అనుకుంది కాబట్టి ముందున్న సున్నాకు విలువ లేదనుకుంది. ఆమె చేతులు ఆగాయి. అట్లాగే వదిలేస్తే? రేపు ఆ ఖాతా తెరుచుకోదు. రాఘవేందర్‌కు కారణం ఎప్పటికీ తెలియదు. ఒక క్షణం ఆ తప్పు ఎంతో తియ్యగా అనిపించింది. కానీ వెంటనే అతని నున్నటి గొంతు చెవిలో వినబడింది. ‘ఇదేంది శ్రీవాణీ, గిట్ల రాసినవ్?’ ఆ గడులన్నీ అక్షరాలుగా చదివేట్టు మార్చి, సున్నా మళ్లీ పెట్టింది. ఇంకో పాస్‌వర్డ్‌లో కామా ఉంది. ఫైల్‌లో అది గడిని రెండుగా చీల్చకుండా, కొటేషన్ గుర్తులు పడ్డాయో లేదో తెరిచి చూసుకుంది. తనను కట్టేసే తాడును కూడా తానే నీటుగా పేనుతోందని అనిపించింది.

ఇరవై రెండు అయ్యాయి. తర్వాతి వరుస ఖాళీ. గీత మిణుకుమిణుకుమంటోంది.

రాయాలా? అతనికి తెలిసిపోయి ఉంటే, రాయకపోవడమే నేరం. తెలియకపోతే, రాయడమే తన చావు. తెలిసిందో లేదో ఎట్లా తెలుసుకోవాలి? అడగడానికి లేదు. పేపర్ చాటున అతని మొహం కనిపించదు. పేజీ తిప్పిన చప్పుడు మాత్రం చాలాసేపటి నుంచి లేదు. గుండె చప్పుడు అతనికి వినిపిస్తుందేమో అనిపించి, కుర్చీ జరిపి చప్పుడు చేసింది.

“అయిందా?” అన్నాడు.

“అయింది.”

“మల్ల చూస్కో.”

ఫైల్ దాచి మెట్లు దిగింది. కింద గుమ్మంలో అత్త హన్మమ్మ చేటలో పల్లీలు ఏరుతూ కూర్చుంది. పైన జరుగుతున్నది కొడుకు పొద్దున్నే చెప్పినట్టున్నాడు.

“ఏందే, ఏందో తాళాల పట్టీ రాయమన్నడట?”

“అవునత్తమ్మ.”

“రాసియ్యి మరి. మొగనికి తెల్వని ముచ్చట ఆడిదానికేముంటది?” అని మళ్లీ పల్లీల మీదికి వంగింది. కాసేపటికి, తనలో తాను అనుకుంటున్నట్టు, “ఏముంటది” అని ఇంకోసారి అంది. అది ప్రశ్నో, జవాబో శ్రీవాణికి తెలియలేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక రాఘవేందర్ పైకి పిలిచాడు. సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంది. ఆమె రాసిన ఫైల్‌ను చూపించి బటన్ నొక్కాడు. ఒక్క తప్పు లేకుండా వరుసలన్నీ లోపలికి పోయాయి. పేర్లు వరుసగా నిలబడ్డాయి, పాస్‌వర్డుల స్థానంలో నల్లటి చుక్కలు.

“చూసినవా, ఎంత సఫాయిగ ఎక్కింది,” అన్నాడు తానే చేసినట్టు. “ఎన్నున్నయి?”

“ఇరవై రెండు.”

“గంతేనా?”

“గంతే.”

“జర సోంచాయించు.”

ఆమె సోంచాయించలేదు. మెదడులో ఏమీ కదల్లేదు. అతను మెల్లగా మెయిల్ పేజీ తెరిచాడు. పేరు రాసే గడిలో ఒక్క అక్షరం కొట్టాడు, ఇంగ్లీషు ఎస్. గడి కింద, అంతకుముందు అక్కడ కొట్టిన పేర్లను గుర్తుపెట్టుకుని చూపే చిన్న పెట్టె తెరుచుకుంది. అందులో ఆమె పేరు, పక్కన మానవపాడు.

“గిదెవలది?”

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది.

“గురువారం సంది చూస్తున్న. నీ అంతల నువ్వే చెప్తవేమోనని ఫైల్ రాయమన్న,” అన్నాడు. కోపం లేదు గొంతులో. పిల్లవాడు కట్టిన లెక్కలో తప్పు దొరికిన మాస్టారి తృప్తి ఉంది. “రెండు దినాలు టైమిచ్చిన. నువ్వు ఇరవై రెండు రాసినవ్.”

అంటే సాఫ్ట్‌వేర్, భద్రత, సూచనల నాలుగు పేజీలు, అన్నీ ఈ ఒక్క గడి కోసం. నిన్న అతను పేపర్ చాటున కూర్చుని తాను ఆ ఖాళీ వరుస ముందు వణకడం చూస్తూనే ఉన్నాడు. ఆ సంగతి అర్థమవుతుంటే ఆమెకు భయం తగ్గలేదు, పెరిగింది. అబద్ధాలు కొన్ని దగ్గరికి వచ్చాయి. పాతది, మరిచిపోయాను అనొచ్చు. ఎవరో విద్యార్థినిది అనొచ్చు. ఏది చెప్పినా ఇంకో పది ప్రశ్నలు, ఆ తర్వాత పదకొండు రోజులు, లేదా ఇరవై. ఆ రోజుల చివర ‘చాయ్’ అన్న మాట. దానికి తన కళ్లలో నీళ్లు. ఆ నీళ్లు గుర్తొచ్చి నోరు తెరిచింది.

“నాదే.”

“మరి రాయలేదేం?”

“రాయను.”

అతను సరిగా వినబడనట్టు చూశాడు.

“అండ్ల ఏమున్నదో అడుగుండ్రి, చెప్త,” అంది. “నా సర్టిఫికెట్ల స్కాన్లున్నయి. అమ్రాబాద్‌ల ఆడపిల్లల బడికి దరఖాస్తు పెట్టిన. మంగళారం నాగర్‌కర్నూల్‌ల ఇంటర్వ్యూ ఉన్నది. పదకొండింటికి. పోత. గంతే ఉన్నది అండ్ల. మొత్తం చెప్పిన. పాస్‌వర్డ్ మాత్రం ఇయ్య.”

“ఒట్టి సర్టిఫికెట్లకు గింత దాపరికమా? ఎవడున్నడు అండ్ల?”

“ఎవ్వరు లేరు. నేనే ఉన్న.”

కింద రోడ్డు మీద ఎవరో నినాదాలు ఇచ్చుకుంటూ పోతున్నారు. రాఘవేందర్ లేస్తాడనుకుంది. లేవలేదు. కుర్చీ మళ్లీ కంప్యూటర్ వైపు తిప్పుకున్నాడు.

“సరే. నీది నీకే ఉంచుకో. ఈ ఇరవై రెండుట్ల ఇగ నీకొక్కటి గూడ ఉండది. అన్నీ మారుస్త. ఏది తెర్వాలన్నా నా దగ్గరికే రావాలె. నన్నడగాలె.”

సాయంత్రం దాకా అదే పని చేశాడు. ఒక్కొక్క ఖాతా తెరవడం, పాత పాస్‌వర్డ్ తీసేయడం, సాఫ్ట్‌వేర్ తానే అల్లి ఇచ్చిన పొడుగాటి గజిబిజి అక్షరాలు పెట్టడం. ఎవరూ గుర్తుంచుకోలేని అక్షరాలు, అతను కూడా. శ్రీవాణి కింద బియ్యం కడుగుతుంటే, తన లోపలి గదులు ఒక్కొక్కటీ ఎవరో మూస్తున్నట్టు అనిపించింది. ఆ ఖాతాలు తనవి కావని తెలుసు. అయినా ఆరేళ్లు వాటిలోనే తిరిగింది.

సోమవారం బందు సడలింది. పొద్దున్నే పిల్లలు సెంటర్‌కు వరుసకట్టారు. పరీక్షలకు పేర్లు ఎక్కించడానికి మంగళవారమే చివరి రోజు. బందుల వల్ల అరవైనాలుగు మంది ఫారాలు అట్లానే ఉన్నాయి. రాఘవేందర్ కుర్చీలో కూర్చుని సాఫ్ట్‌వేర్ తెరిచి, పాస్‌వర్డ్ కాపీ చేసి, కంపెనీ పేజీలో పెట్టి లోపలికి పోయాడు. పది నిమిషాలు ఏమీ కొట్టకుండా ఊరుకుంటే ఆ పేజీ బయటికి తోసేస్తుంది. మళ్లీ మొదటి నుంచి. ఫోటో ఏ కొలతలో ఉండాలో అతనికి తెలియదు. తండ్రి పేరు ఎక్కడ రాయాలో తెలియదు. పగటికి తొమ్మిది మంది పేర్లు ఎక్కాయి. తొమ్మిదింటిలో రెండు వెనక్కి వచ్చాయి.

శ్రీవాణి వంట చేసింది. వంట అయ్యాక చేతులు తుడుచుకుని నిలబడింది. పైకి పోవాల్సిన పని లేదు. ఎవరి దరఖాస్తూ తెరవడానికి తనకు వీలు లేదు. ఇట్లా ఖాళీ చేతులతో ఈ ఇంట్లో ఎప్పుడైనా నిలబడిందా? గుర్తు రాలేదు. మొదట అది ఆమెను ఇంకా భయపెట్టింది, మెట్టు ఉందనుకుని కాలు గాల్లో పెట్టినట్టు. తర్వాత చేసంచి తీసుకుని, కూరగాయలకని చెప్పి బస్టాండు దాకా నడిచింది.

బస్టాండు పక్కన ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉంది. లోపలికి అడుగు పెట్టేముందు రెండుసార్లు వెనక్కి చూసుకుంది. యజమాని చెన్నయ్య ఆమెను గుర్తుపట్టాడు.

“ఏంది మేడం, మీ సెంటర్ల నెట్ లేదా?”

“ఉన్నదన్నా. ఇది నా సొంత పని.”

ఆ మాట అన్నాక ఆమె తన మాటనే ఇంకొకసారి విన్నట్టు ఒక క్షణం ఆగింది. మెయిల్ తెరిచి పాస్‌వర్డ్ మార్చింది. ఇంటర్వ్యూ కాగితం, సర్టిఫికెట్ల స్కాన్లు ప్రింటు తీయించుకుంది. కాగితాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. వాటిని కూరగాయల కింద పెట్టలేదు. పైనే పెట్టి, చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చింది.

ఉద్యోగం వచ్చిందా అంటే, వచ్చింది. సంక్రాంతి సెలవులు అయ్యాక శ్రీవాణి అమ్రాబాద్ చేరింది. అడవి పక్క ఆ బడిలో ఐదు పాత కంప్యూటర్లు, ముప్పై మంది పిల్లలు. కానీ ఆ తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెకు గుర్తొచ్చేది ఉద్యోగం వచ్చిన రోజు కాదు. మంగళవారం పొద్దున, ఆ మెట్ల దగ్గర నిలబడ్డ నిమిషం.

ఆ పొద్దున ఎనిమిదింటికి ఆమె బయలుదేరింది. నలుపు అంచు చీర, భుజాన సంచి, చేతిలో ఫైలు. బిజినేపల్లి మీదుగా పోయే నాగర్‌కర్నూల్ బస్సు ఎనిమిదిన్నరకు. గుమ్మంలో హన్మమ్మ చేట పట్టుకుని అడ్డంగా కూర్చుంది. శ్రీవాణి ఆగింది. దాటిపోవాలంటే అత్తను అడగాలి. అడిగితే ఏమంటుందో. హన్మమ్మ తలెత్తి కోడలి చేతిలోని ఫైలును చూసింది, చీరను చూసింది. చేటను ఒళ్లోకి లాక్కుని, చాపిన కాళ్లు ముడుచుకుంది.

బయట మెట్ల నిండా పిల్లలు, ఫారాలు పట్టుకుని. కొందరి తండ్రులు కూడా వచ్చారు. పైన తలుపు దగ్గర రాఘవేందర్ నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంకా నలభై మంది మిగిలారు, సాయంత్రానికి గడువు అయిపోతుంది. ఆమెను ఆ చీరలో చూసి అతని దవడ బిగిసింది. అంతమంది ముందు అరవలేడు.

“శ్రీవాణీ, యాడికి? జర పైకి రా.”

ఆమె కింది మెట్టు దగ్గరే నిలబడింది. ఇప్పుడు దిగి వచ్చి చెయ్యి పట్టుకుంటే? సంచి లాక్కుంటే? పిల్లలందరూ చూస్తున్నారు. ఆమె దగ్గర చదువుకునే శాంతమ్మ అనే పిల్ల, “మేడం, మీరే ఎక్కియ్యుండ్రి, సార్‌కు వస్తలేదు” అంది అమాయకంగా. ఎవరో కిసుక్కుమన్నారు.

“నాకు పాస్‌వర్డ్ తెల్వదు బిడ్డా,” అంది శ్రీవాణి. “సార్‌కే తెల్సు.”

రాఘవేందర్ నాలుగు మెట్లు దిగాడు. పిల్లలు పక్కకు జరిగారు. అతను ఇంకో రెండు మెట్లు దిగి, ఆమెకు మాత్రమే వినిపించేలా వంగాడు. ఆ గొంతు ఇప్పుడు నున్నగా లేదు. అందులో ఆమె ఎన్నడూ వినని తొందర ఉంది, బతిమాలడం లాంటిది కూడా ఏదో ఉంది.

“గిదంత మల్ల మాట్లాడుకుందం. కంపెనీ ఊకోదు, పిల్లల ఏడాది పోతది. గీ ఒక్క దినం చేసిపో. అన్నిటికీ అదొక్కటే పాస్‌వర్డ్. చెప్త, రాస్కో.”

చొక్కా జేబులోంచి పెన్ను తీసి ఆమెకు అందించాడు. నోరు తెరిచాడు.

శ్రీవాణి పెన్ను వైపు చూడలేదు. ఫైలును ఛాతీకి అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

“వద్దు. నాకు చెప్పకుండ్రి,” అంది. “తెలిస్తే మల్ల నేనే చెయ్యాల్సొస్తది.”